చల్లటి అణువుల ల్యాబ్‌లో చేరే ముందు

ఏమ్మా,

పీహెచ్‌డీకి చల్లటి అణువుల ల్యాబ్ చూసుకున్నానన్నావు, సంతోషం. ముందు ఒకటి తేల్చుకో, నువ్వు వెతకబోయేది ఎలక్ట్రాన్‌లోనా, కేంద్రకంలోనా? రెండు చోట్లా వెతికేది విద్యుత్ ద్విధ్రువ భ్రామకాన్నే, అంటే లోపలి విద్యుదావేశం ఒక పక్కకు కాస్త ఒరిగి ఉండటాన్ని. అది సున్నా కాదని తేలితే, కాలాన్ని వెనక్కి తిప్పినా ప్రకృతి నియమాలు మారవన్న సౌష్ఠవం అక్కడ చెదిరినట్టే. కానీ ఎలక్ట్రాన్‌లోనా, కేంద్రకంలోనా అన్నదాన్ని బట్టి వాడే అణువు మారిపోతుంది.

ఎలక్ట్రాన్‌కైతే థోరియం మోనాక్సైడ్ ఉంది. బయట సెంటీమీటరుకు వంద వోల్టుల దగ్గర్లో పెడితే చాలు, లోపల ఎలక్ట్రాన్ మీద పనిచేసే క్షేత్రం సెంటీమీటరుకు దాదాపు 7,800 కోట్ల వోల్టులకు సమానం. అమెరికాలోని ఏక్మే పరిశోధక బృందం 2018లో, ఎలక్ట్రాన్‌కు ఈ భ్రామకం ఉన్నా ఇంతకన్నా చిన్నదే అని పరిమితి పెట్టింది దీనితోనే. 2023లో బౌల్డర్‌లోని జిలా పరిశోధన సంస్థ వాళ్లు హాఫ్నియం ఫ్లోరైడ్ అయాన్లను ట్రాప్‌లో పట్టి, అంతకన్నా బిగువైన పరిమితి పెట్టారు. కేంద్రకమైతే కథ వేరు, చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్లు దాని భ్రామకాన్ని దాదాపు పూర్తిగా కప్పేస్తాయి, మిగిలే కొద్దిపాటి ప్రభావం పియర్ పండు ఆకారంలో ఉండే రేడియం కేంద్రకాల్లో బాగా పెరుగుతుంది. అందుకే జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో, అరుదైన కేంద్రకాలు తయారుచేసే ఐసోల్డే విభాగంలో రేడియం ఫ్లోరైడ్ మీద 2020లో అంత హడావిడి. కాకపోతే రేడియం-225 అర్ధాయువు 15 రోజులే, రేడియేషన్ కాగితాలు, సరఫరా టెన్షన్ అన్నీ నీ నెత్తినే.

చల్లబరచడం గురించి అందరూ గొప్పగా చెప్తారు, నిజమే, అణువులు కొద్ది స్థితుల్లోకి చేరతాయి, నెమ్మదిస్తాయి, ఎక్కువసేపు చూడొచ్చు. కానీ నీ కాలమంతా తినేది దొంగ సిగ్నల్‌ని పట్టుకోవడం. వోల్టేజీ దిశ మార్చినప్పుడల్లా ఎక్కడో లీకేజీ కరెంటు కూడా దిశ మార్చి చిన్న అయస్కాంత క్షేత్రం పుట్టించిందనుకో, అది అచ్చం నువ్వు వెతికే సిగ్నల్ లాగే కనిపిస్తుంది! థోరియం మోనాక్సైడ్ అందం ఇక్కడే ఉంది. లేజర్ పౌనఃపున్యం కొంచెం మారిస్తే, బయటి వోల్టేజీ ముట్టకుండానే అణువు తలకిందులైన స్థితిని ఎంచుకోవచ్చు, లీకేజీ వల్ల వచ్చింది మారదు, అసలైనది మాత్రం ప్లస్ నుంచి మైనస్‌కు గుర్తు మారుతుంది. ఇలా మార్చగలిగినదల్లా మార్చు, అనుమానమున్న లోపాన్ని కావాలనే పెంచి చూడు. జవాబు మాత్రం విశ్లేషణ పూర్తయ్యేదాకా మననుంచే దాచి ఉంచాలి, లేకపోతే మనకు నచ్చిన అంకె దగ్గర ఆగిపోతాం.

చేరే ముందు ఆ ల్యాబ్ సీనియర్ల థీసిస్‌లు అడుగు. పేపర్లో రెండు పేరాల్లో తేల్చేసిన లోపాల వేట అక్కడ పేజీలకు పేజీలు ఉంటుంది. ఇవ్వడానికి నసిగితే నాకు ఫోన్ చెయ్, ఇంకో ల్యాబ్ చూద్దాం.

మీ మామయ్య