గైడు మాట ఆగిన చోట

మైలాపూరు, చెన్నై
ఆదివారం

అమ్మాయీ,

పొట్టి శ్రీరాములుగారి స్మారక భవనంలో సభ అయ్యాక నువ్వు నా చేతిలో పెట్టిన పన్నెండు పేజీల యాత్రావ్యాసం రెండుసార్లు చదివాను. ఒకసారి ఆ రాత్రే ఇంట్లో, ఇంకోసారి ఇవాళ పొద్దున్నే నాగేశ్వరరావు పార్కులో బెంచీ మీద కూర్చుని, పెన్సిలు పట్టుకుని. "బాగుందో లేదో ఒక్క మాట చెప్పండి మాస్టారూ, చాలు" అన్నావు. ఒక్క మాటతో తేలేది కాదు కాబట్టి ఈ ఉత్తరం.

ఆఫీసు పని మీద పోర్చుగల్ రాజధాని లిస్బన్ వెళ్ళి, మిగిలిన ఒక్క ఆదివారాన్ని వృథా చెయ్యకుండా సింత్రా కొండ, రాజమహళ్ళు, కాబో ద రోకా, కాష్కాయిష్ తీరం ఒకే రోజులో చుట్టి వచ్చావు. మంచి పని చేశావు. మా అమ్మాయి అక్కడ చదువుకునే రోజుల్లో నేనూ అదే దారిలో, అలాంటి ఎనిమిది సీట్ల వ్యాన్‌లోనే తిరిగాను. అందుకే నీ పేజీల్లో నువ్వు ఎక్కడ చూస్తున్నావో, ఎక్కడ వింటున్నావో నాకు తేలిగ్గా తెలిసిపోయింది.

మొదటి ఏడు పేజీలూ నువ్వు వింటున్నావు. "రొమాంటిక్ వాస్తుకళకు మణిపూస", "రాజుల కలలకు రంగులద్దిన కోట". ఇవి నీ మాటలు కావు. వ్యాన్ ముందు సీట్లోంచి మైకులో వినపడినవి. తెలుగులోకి తెచ్చావు గానీ నీవి చేసుకోలేదు. సింత్రా కొండ మీది పేనా మహలు గురించి మూడు పేజీలు రాశావు కదా, అందులో నీ కాలికి తగిలిన మెట్టు ఒక్కటైనా ఉందా? పసుపు గోడ పక్కన ఎర్ర గోడ ఉందని రాశావు. అది పోస్టుకార్డులోనూ ఉంటుంది. ఆ గోడని చెయ్యి పెట్టి తడిమావా? తడిగా ఉందా? అట్లాంటిక్ మీంచి వచ్చే తేమంతా ముందు ఆ కొండకే తగులుతుంది. లిస్బన్‌లో ఎండ కాస్తుంటే అక్కడ చెట్ల నుంచి నీళ్ళు కారుతుంటాయి.

ఎనిమిదో పేజీలో, కాబో ద రోకా దగ్గర, నా పెన్సిలు ఆగింది. నీ వాక్యాలే మళ్ళీ రాస్తున్నాను: "మోకాళ్ళ నొప్పితో దిగలేక పెద్దావిడ వ్యాన్‌లోనే ఉండిపోయింది. అందరి సంచులూ ఆమె పక్కనే పెట్టి వెళ్ళాం. తిరిగొచ్చాక ఎవరిది వాళ్ళకి తీసిచ్చింది, ఒక్కటీ తప్పలేదు." ఈ మూడు వాక్యాలు రాసిన మనిషి రచయిత్రి. కానీ వెంటనే ఆమెని అక్కడే వదిలేసి అక్షాంశాలు, రేఖాంశాల్లోకి పరిగెత్తావు. ఎందుకమ్మా? ఆమె ముఖ్యం కాదనుకున్నావా? ఆ రోజు మొత్తంలో గైడు చూపించకుండా నీ అంతట నువ్వు చూసింది ఆమెనే.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నేను వెళ్ళిన రోజు పేనా మహలంతా పొగమంచులో మునిగిపోయింది. పది అడుగుల అవతల మనిషి కనపడలేదు. మేడ మీద పిట్టగోడ దగ్గర నిలబెట్టి మా గైడు తెల్లటి మబ్బులోకి చెయ్యి చాపి "అదుగో సముద్రం, అదుగో మూరుల కోట" అంటూ చెప్పుకుపోయాడు. ఇంటికొచ్చి వ్యాసంలో ఏం రాశానో తెలుసా? "పిట్టగోడ మీంచి చూస్తే కనుచూపు మేర అట్లాంటిక్ నీలిమ" అని రాశాను. ఒక వారపత్రిక వేసుకుంది. అందరూ మెచ్చుకున్నారు. ఆ వాక్యం ఇప్పటికీ నాకు ముల్లులా గుచ్చుకుంటుంది. కనపడని సముద్రాన్ని కనపడినట్టు చెప్పే మనిషి, అటే చూస్తూ తలలూపుతున్న పరాయివాళ్ళు, ఇంత గొప్ప దృశ్యం నా కళ్ళముందు జరిగితే దాన్ని చెరిపేసి అక్కడ ఒక పోస్టుకార్డు అతికించాను. నువ్వు ఆ పని చెయ్యకు. నీకు పొగమంచే కనపడితే పొగమంచే రాయి.

గైడుని చిన్నచూపు చూడమని మాత్రం చెప్పడం లేదు. ఆ పని ఎంత కష్టమో ఆలోచించు. తనే డ్రైవరు, తనే గైడు. ఐరోపాలో మామూలు కారు లైసెన్సుతో డ్రైవరు కాక ఎనిమిది మందినే ఎక్కించుకోవచ్చు, "చిన్న బృందం" ఎక్కువగా ఎనిమిది దగ్గర ఆగడానికి అదో కారణం. పేనా లోపలికి వెళ్ళడానికి టికెట్టు మీద వేళ అచ్చు వేసి ఉంటుంది, అది దాటితే గుమ్మం బయటే. పైకి పోయే దారి ఇరుకు. ఇన్ని ముళ్ళ మధ్య ఎనిమిది మందినీ పోగొట్టుకోకుండా, అదే కథని రోజూ కొత్తగా చెప్పాలి. అతను చెప్పేది వినాలి, రాసుకోవాలి. కాకపోతే నోటుబుక్కులో మధ్యన గీత గీసుకుని ఎడమవైపు విన్నది, కుడివైపు చూసింది రాసుకో. రాత్రి హోటలు గదిలో చూసుకుంటే ఏ వైపు ఖాళీగా ఉందో తెలుస్తుంది.

విన్నది విన్నట్టే రాస్తే తప్పు లేదు, చూసినట్టు రాస్తేనే తప్పు. సింత్రా ఊళ్ళోని పాత రాజమహల్లో ఆరో అఫోంసో రాజుని తమ్ముడు బంధించి ఉంచిన గది గురించి, అతను అటూ ఇటూ నడిచి అరగదీసిన నేల గురించి కన్నీళ్ళొచ్చేలా రాశావు. కానీ నీ టైము ప్రకారం లెక్క వేశాను, మీ వ్యాన్ ఆ మహలు ముందు ఇరవై నిమిషాలే ఆగింది. అంటే లోపలికి వెళ్ళలేదు. నేను వెళ్ళాను, గది గుమ్మం దగ్గర నిలబడి ఆ నేల చూశాను. పలకలు అరిగే ఉన్నాయి. 1683లో అతను చనిపోయేదాకా సుమారు తొమ్మిదేళ్ళు ఆ గదిలోనే ఉంచారన్నది చరిత్ర. ఆ అరుగుదల అతని పాదాలదే అన్నది చెప్పుకునే మాట. ఈ రెండిటినీ ఒకే ముద్దగా కలిపెయ్యకు. "లోపలికి వెళ్ళే టైము లేదు, వ్యాన్ ఎక్కుతుండగా గైడు ఈ కథ చెప్పాడు" అని రాసి చూడు. నాలుగు గోడల మధ్య తొమ్మిదేళ్ళు తిరిగిన మనిషి కథని ఇరవై నిమిషాల తొందరలో వినడం! నువ్వు దాచిపెట్టిన తొందరలోనే వ్యాసానికి బలం ఉంది.

ఆ మహలు ముందు నిలబడి నువ్వు బయటి నుంచి చూసిన ఆ రెండు తెల్ల శంఖువులు వంటింటి పొగగొట్టాలు. ఒక్కోటి 33 మీటర్లు. వాటిని "గోపురాలు" అని రాశావు, దిద్దుకో. కాబో ద రోకా గురించీ ఒక దిద్దుబాటు: అది "ఐరోపా పశ్చిమపు కొస" కాదు, ఐరోపా ప్రధాన భూభాగానికి మాత్రమే కొస. ఐస్‌లాండు, అజోర్స్ దీవులు ఇంకా పడమరన ఉన్నాయి. ఇలాంటివి పాఠకుడు పట్టుకున్నాడంటే మిగతా పేజీలన్నీ అనుమానంతోనే చదువుతాడు.

ఇక నన్ను బాగా బాధపెట్టిన వాక్యం. పదకొండో పేజీ చివర: "మనకు ఏ సంబంధమూ లేని ఒక వింత లోకంలోంచి తిరిగి వచ్చాను."

సంబంధం లేదా? నువ్వు ఈ కాగితాలు నా చేతికిచ్చి బస్సెక్కింది లజ్ కార్నర్‌లో. "లజ్" ఏ భాష? పోర్చుగీసు. లూజ్ అంటే వెలుగు. సముద్రంలో దారి తప్పిన నావికులకి ఒక వెలుగు కనపడి ఒడ్డు చేర్చిందని, దానికి కృతజ్ఞతగా కట్టారని అక్కడి లజ్ చర్చి కథ. 1516 నాటిదని అక్కడి శాసనం చెబుతుంది. మీ ఇల్లు కట్టిన మేస్త్రీ ఉన్నాడే, ఆ మాటా పోర్చుగీసువాళ్ళదే, మెస్త్రె. మీ అమ్మ చీరలు దాచే అల్మారా, పార్కు బయట బండి మీద అమ్మే అనాస, ఆ మాటలూ వాళ్ళ ఓడల్లో వచ్చినవే. బ్యాంకువాళ్ళు నగలకి వేస్తారే వేలం, అదీ వాళ్ళ "లెయిలాఁవ్" నుంచే.

ఆ వేలం అన్న ఒక్క మాట పట్టుకుంటే నీ వ్యాసానికి దారం దొరుకుతుంది. పేనా మహలు ఉన్న చోట ముందు ఒక మఠం ఉండేది. 1755 భూకంపంలో చాలావరకు పాడైంది. 1834లో అక్కడి ప్రభుత్వం మఠాలని రద్దు చేసి ఆస్తులు అమ్మకానికి పెట్టింది. రాణి రెండో మరియా భర్త ఫెర్డినాండ్ 1838లో ఆ పాడుబడ్డ మఠాన్ని వేలంలో కొన్నాడు. ఎష్‌వెగె అనే జర్మన్ గనుల ఇంజనీరుని పెట్టి మహలు కట్టించాడు. ఇటు మన చేపాక్ మహలు చూడు. 1768లో ఆర్కాటు నవాబు వాలాజా కోసం కట్టారు. 1855లో నవాబు పదవి పోయాక అప్పుల కింద వేలానికొచ్చి, చివరికి మద్రాసు ప్రభుత్వం చేతిలో పడింది. మెరీనా దగ్గర బస్సులోంచి ఎన్నిసార్లు దాని పక్కన వెళ్ళి ఉంటావు? అక్కడ ఒక మఠం వేలంలో పోయి మహలయింది, ఇక్కడ ఒక మహలు వేలంలో పోయి ఆఫీసులయింది. రెండూ సముద్రపు గాలి తగిలే చోట్లే. ఇది ఏ గైడూ చెప్పడు, ఎందుకంటే అతను చెన్నైలో ఉండడు. నువ్వు ఉంటావు.

ఇంకోటి చెబుతాను. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. నువ్వు తిరిగిన ఆ సింత్రా కొండవాలులోనే పేన్యా వెర్ద్ అనే తోట ఉంది. పోర్చుగీసు ఇండియాకి రాజప్రతినిధిగా చేసి 1548లో గోవాలో పోయిన జువాఁవ్ ద కాస్ట్రోది. ఆ తోటలో ఒక సంస్కృత శిలాశాసనం ఉండేది. సోమనాథం నుంచి సముద్రాలు దాటి అక్కడికి చేరింది. జర్మన్ పండితుడు బ్యూలర్ దాన్ని మన దేశపు శాసనాల సంకలనం ఎపిగ్రాఫియా ఇండికా మొదటి సంపుటంలో అచ్చు వేయించాడు. పండితులు సింత్రా ప్రశస్తి అంటారు. విక్రమ సంవత్సరం 1343 నాటిది, అంటే క్రీ.శ. 1287. త్రిపురాంతకుడనే పాశుపత శైవ సన్యాసి సోమనాథంలో అయిదు గుడులు కట్టించిన సంగతి దానిలో ఉంది. శ్రీశైలానికి తూర్పు ద్వారమని మనం చెప్పుకునే ఊరి పేరే ఆయన పేరు, గమనించావా? గుడులు కట్టించేముందు ఆయన తిరిగిన తీర్థాలనీ చెప్పింది శాసనం: కేదారం, ప్రయాగ, రామేశ్వరం. వాటి మధ్యన శ్రీపర్వతం. మన శ్రీశైలమే తల్లీ! ఆ కొండని మొక్కిన ఒక యాత్రికుడి కథ పోర్చుగల్లో ఒక తోటలో శతాబ్దాలు ఎండకి ఎండి, వానకి తడిసింది. ఆ పక్కనుంచే వ్యాన్‌లో వెళ్ళి వచ్చి "ఏ సంబంధమూ లేదు" అని రాయొచ్చా?

వెళ్ళేముందే ఇవన్నీ చదువుకోవాలని అనను. ఒక్కరోజు ప్రయాణానికి చదువు తిరిగొచ్చాకే ఎక్కువ. అక్కడ కళ్ళు తెరుచుకుని ఉంటే చాలు. ఇక్కడికొచ్చాక నీకు గుర్తున్న పేర్లు ఒక్కొక్కటీ పట్టుకుని కన్నెమరా లైబ్రరీలో కూర్చో. వారం పడుతుంది, నెల పడుతుంది. చదివినదంతా వ్యాసంలో కుక్కకు, నేను పైన రాసినట్టు అన్నీ ఒకచోట పోసినా ఊపిరాడదు. ఒక్కటి తీసుకో. వేలమో, శాసనమో, లజ్ వెలుగో. నీకు నిద్ర పట్టనివ్వనిది ఏదైతే అది.

తీయాల్సినవి కూడా ఉన్నాయి. కాష్కాయిష్ పేరా మొత్తం తీసెయ్. అక్కడ నువ్వు అలిసిపోయి ఉన్నావు, ఐస్‌క్రీం తిన్నావు, అంతే. ఆ మాటే రాసి ముందుకి పో. సింత్రాలో తిన్న త్రవెసైరు గురించి "అద్భుతమైన రుచి" అన్నావు. ఆ పేరుకి తలగడ అని అర్థం, లోపల బాదం ముద్ద. కొరికితే పొరలు రాలి చున్నీ మీద పడి ఉండాలి. పడ్డాయా? పంచదార వేళ్ళకి అంటుకుందా? మన కాజా పొరలు గుర్తొచ్చాయా? గుర్తొస్తేనే రాయి, పోలిక కోసం పోలిక తేకు.

సాధన కావాలంటే దూరం పోనక్కర్లేదు. ఒక ఆదివారం ఇక్కడి నుంచే ఏదో ఒక వ్యాన్‌లో మహాబలిపురం వెళ్ళి రా. తెలిసిన చోటే కాబట్టి గైడు మాటల మీద ఆధారపడాల్సిన పని ఉండదు. అతను మాట్లాడటం ఆపిన నిమిషాలు మాత్రం రాసుకుని రా, రెండు పేజీలు చాలు.

ఈ పన్నెండు పేజీలూ పక్కన పెట్టి మళ్ళీ మొదలుపెట్టు. ఆరు పేజీలు మించనివ్వకు. మొదటి వాక్యంలోనే ఆ పెద్దావిడ ఉండాలని నా కోరిక. రాయడానికి కూర్చునేముందు ఒకటి గుర్తు తెచ్చుకో. కాబో ద రోకాలో మీరంతా కొండకొమ్ము దగ్గర గాలికి నిలవలేక ఫోటోలు తీసుకుంటున్నారు. ఆవిడ వ్యాన్‌లో ఒక్కతే కూర్చుని ఉంది. ఆవిడ సీటు కిటికీ ఏ వైపుంది? సముద్రం వైపా, రోడ్డు వైపా? అది నువ్వు రాయలేదు. వచ్చే ఆదివారం పార్కులో ఏడింటిదాకా ఉంటాను, వచ్చి చెప్పు.

ఆశీస్సులతో,
నీ మాస్టారు