క్యాథలిక్ యూనివర్సిటీలో సీటు వచ్చింది, పంపవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి కంప్యూటర్ సైన్స్‌లో బీటెక్ పూర్తి చేసింది. అమెరికాలో సెయింట్ లూయిస్ యూనివర్సిటీలో ఎమ్మెస్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్‌కు అడ్మిషన్ వచ్చింది. అది చర్చి ఫాదర్ల ప్రైవేటు యూనివర్సిటీ అని, గవర్నమెంటుదైతేనే మంచిదని మా బావగారు అంటున్నారు. అక్కడికి వెళ్తే మతం మార్చేస్తారేమోనని మా అమ్మ భయం. రెండెకరాలు తాకట్టు పెట్టి లోన్ తీసుకోవాలి. పంపమంటారా? (ఒక తండ్రి, నరసరావుపేట)

జవాబు: ముందు మీ అమ్మగారి భయం సంగతి. విజయవాడలో ఆంధ్ర లొయోలా కాలేజీ మీకు తెలిసే ఉంటుంది. 1953లో దాన్ని పెట్టింది జెస్యూట్లు అనే క్యాథలిక్ సంఘానికి చెందిన ఫాదర్లు. మీ చుట్టాల్లోనో, మీ ఊళ్లోనో అక్కడ చదివినవాళ్లు ఉంటారు. వాళ్లను ఒకసారి అమ్మగారితో మాట్లాడించండి. సెయింట్ లూయిస్ యూనివర్సిటీ కూడా ఆ జెస్యూట్ల సంప్రదాయంలోదే. 1818లో ఒక బిషప్ చిన్న అకాడమీగా మొదలుపెడితే, ఆ తర్వాత పదేళ్లకు అటూ ఇటుగా జెస్యూట్ల చేతికి వచ్చింది. మిసిసిపి నదికి పడమట అన్నిటికంటే పాత యూనివర్సిటీ ఇదే.

అక్కడ చేరడానికి క్యాథలిక్ అయి ఉండాల్సిన పని లేదు. ప్రార్థనకు రమ్మని బలవంతం ఉండదు. డిగ్రీ విద్యార్థులు మాత్రం ఫిలాసఫీ, థియాలజీ (దైవశాస్త్రం) కోర్సులు చదవాలి. అవి మిగతా సబ్జెక్టుల్లాగే క్లాసులో చదివి, చర్చించి, పేపర్లు రాసేవి. ఎమ్మెస్‌కు వెళ్లే మీ అమ్మాయికి అవి ఉండవు.

ఈ యూనివర్సిటీ చరిత్రలో నాకు ఎప్పుడూ గుర్తుండే ఘట్టం ఒకటుంది. 1944 ఫిబ్రవరిలో, నల్లజాతి విద్యార్థులను చేర్చుకోకపోవడం తప్పని హైథౌస్ అనే ఫాదర్ అక్కడి చర్చిలోనే విద్యార్థుల ముందు నిలదీశారు. ఆ వేసవిలోనే ఐదుగురు నల్లజాతి విద్యార్థులకు సీట్లు ఇచ్చారు. అంతకు వందేళ్లకు పైగా ముందు, సెయింట్ లూయిస్ ఉన్న మిస్సోరి రాష్ట్రానికి వచ్చిన జెస్యూట్లు తమ వెంట బానిసలను తెచ్చుకున్నారన్నదీ నిజమే. ఇప్పుడు యూనివర్సిటీ ఆ సంగతి దాచిపెట్టడం లేదు. మంచీ చెడూ రెండూ ఉన్న చరిత్ర అది. పిల్లను పంపే ముందు అది కూడా తెలుసుకోవడం మంచిదని చెబుతున్నాను.

ఇక మీ బావగారి మాట. మన దగ్గర ప్రైవేటు అనగానే డొనేషన్ కాలేజీలు గుర్తొస్తాయి. అమెరికాలో హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్ కూడా ప్రైవేటువే. తేడా అంతా ఫీజులో ఉంటుంది. గవర్నమెంటు యూనివర్సిటీల్లో ఆ రాష్ట్రం పిల్లలకు ఫీజు తక్కువ, బయటివాళ్లకు ఎక్కువ. ఇలాంటి ప్రైవేటు చోట అందరికీ ఒకటే రేటు, అదీ ఎక్కువే. అందుకే స్కాలర్‌షిప్ పోను మీ చేతి నుంచి పోయేది ఎంతో చూడాలి. పైపై ఫీజు చూసి భయపడొద్దు, స్కాలర్‌షిప్ అన్న మాట విని సంబరపడొద్దు.

ఈ యూనివర్సిటీకి గట్టి పేరున్నది వైద్యం, ఆరోగ్య రంగాల్లో. విటమిన్ కె మీద పరిశోధనకు 1943 నోబెల్ బహుమతి పంచుకున్న ఎడ్వర్డ్ డోయిసీ ఇక్కడి ప్రొఫెసరే. విమాన చదువులకు కూడా పాత పేరుంది. అంటే, యూనివర్సిటీకి పేరుంది కాబట్టి మీ అమ్మాయి కోర్సు కూడా అంతే అనుకోకూడదు. ఆ ఎమ్మెస్‌లో ఏ సబ్జెక్టులున్నాయి, ఎవరు చెబుతున్నారు, క్లాసులు క్యాంపస్‌లోనా ఆన్‌లైన్‌లోనా, పోయినేడు చదివినవాళ్లకు ఎక్కడ ఉద్యోగాలొచ్చాయి? ఈ ప్రశ్నలు అమ్మాయే స్వయంగా మెయిల్ రాసి అడగాలి. కన్సల్టెన్సీ వాళ్లను నమ్ముకుని వదిలేయొద్దు, వాళ్లలో చాలామందికి అడ్మిషన్ల మీద కమిషన్ వస్తుంది.

సెయింట్ లూయిస్‌లో మన తెలుగువాళ్లు బాగానే ఉన్నారు, 2017లో తానా మహాసభలు జరిగింది అక్కడే. హిందూ గుడి కూడా ఉంది. కానీ నేరాల విషయంలో ఆ నగరానికి మంచి పేరు లేదు. క్యాంపస్‌కు దగ్గరగా, సీనియర్లు ఉంటున్న వీధుల్లోనే ఇల్లు చూసుకోమనండి. అక్కడున్న బోయింగ్ రక్షణ విభాగం వంటి చోట్ల చాలా ఉద్యోగాలకు అమెరికా పౌరసత్వం కావాలి. ఊళ్లో పెద్ద కంపెనీ ఉందంటే మన పిల్లలకు అందులో దారి ఉన్నట్టు కాదు.

నాకు అసలు టెన్షన్ మీ రెండెకరాల గురించే. చదువుకునే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పని చేయనిస్తారు. దానితో చేతి ఖర్చు గడుస్తుంది, ఫీజు కట్టలేరు. చదువయ్యాక ఓపీటీ అనే అనుమతి మీద 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) కోర్సయితే మరో 24 నెలలు, చదివిన రంగంలో పని చేసే వీలుంది. ఈ నిబంధనలు మారవచ్చు, ఉద్యోగం రావడం ఆలస్యం కావచ్చు. అందుకని ఉద్యోగం ఏడాది ఆలస్యమైనా పొలం పోకుండా వాయిదాలు కట్టగలరా అని ఇంట్లో కూర్చుని లెక్క వేయండి. కట్టగలిగితే పంపండి. కష్టమనిపిస్తే ఒక ఏడాది ఇక్కడ ఉద్యోగం చేయించి, కొంత డబ్బు కూడాక పంపండి. అడ్మిషన్ వాయిదా వేయడం కుదురుతుందేమో ఇప్పుడే రాసి అడగమనండి.

ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) చేతికి రాగానే అందులో రెండు చోట్ల చూడండి. ఒకటి, ఏడాది ఖర్చు అంచనా. రెండోది, కోర్సు పేరు పక్కన ఉండే కోడ్ నంబరు. ఆ కోడ్ స్టెమ్ జాబితాలో లేకపోతే ఆ 24 నెలలు రావు. అది తేలేదాకా పొలం కాగితాలు బ్యాంకుకు ఇవ్వకండి.