చెరువులో వాటా వద్దు, చెరువుగట్టు మీద పని చూసుకోండి

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేసి హైదరాబాద్‌లో నెలకు 19,000 జీతానికి పనిచేశాను. నాన్నకు పక్షవాతం రావడంతో ఇంటికి వచ్చేశాను. ఇక్కడ ఉద్యోగాల్లేవు. చేతిలో 2,40,000 ఉంది. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన 60,000 బాకీ ఉంది. ఇంటి ఖర్చు, మందులతో కలిపి నెలకు 16,000 అవుతుంది. నా భార్య బంగారం కుదువపెట్టి మొత్తం 3 లక్షలతో రొయ్యల చెరువు లీజులో వాటా తీసుకోమంటున్నాడు స్నేహితుడు. తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోవద్దు. వనామి రకం రొయ్యల పంట మూడు, నాలుగు నెలల్లో చేతికొస్తుంది కాబట్టి డబ్బు త్వరగా తిరిగొస్తుందనిపిస్తుంది. కానీ లీజు ముందే కట్టాలి. ఖర్చులో సగానికి పైగా మేతకే పోతుంది. ఆ మేత అరువు తెస్తే సరుకు ఆ డీలరు చెప్పినచోటే అమ్మాల్సి వస్తుంది. తెల్లమచ్చ వైరస్ తెగులు తగిలితే కొద్ది రోజుల్లోనే చెరువు ఖాళీ. పంట నిలబడినా కౌంటు ధర (కిలోకు ఎన్ని రొయ్యలు తూగాయన్న దాన్ని బట్టి పలికే రేటు) మీ చేతిలో ఉండదు. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకాన్ని 50 శాతానికి పెంచాక ఇక్కడి రైతులు పడిన ఇబ్బంది మీరూ చూసే ఉంటారు. రెండు పంటలు పోయినా తట్టుకోగలవాళ్లు చేయాల్సిన వ్యాపారం అది. మీరు ఒక్కటి పోయినా తట్టుకోలేరు. డ్వాక్రా రుణం తెచ్చి పెట్టమని ఎవరన్నా అదే జవాబు చెప్పండి.

ముందు ఆ 60,000 తీర్చేయండి. నెలకు 1,200, ఏడాదికి 14,400 వడ్డీకే పోతోంది. ఆరు నెలల ఖర్చు 96,000 బ్యాంకులో విడిగా ఉంచి, దాన్ని ముట్టుకోకండి. మిగిలే 84,000 మీ పెట్టుబడి. హైదరాబాద్ పీఎఫ్ తీసేయకండి, కొత్త ఉద్యోగం దొరికితే అదే యూఏఎన్ (పీఎఫ్ ఖాతా) నంబరు ఇవ్వండి.

ఇక పని సంగతి. రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు, ఐస్ ఫ్యాక్టరీలు, హేచరీల్లో మెయింటెనెన్స్ ఎలక్ట్రీషియన్ అవసరం ఎప్పుడూ ఉంటుంది. కాకపోతే ఆ ఖాళీలు పేపర్లో పడవు, గేటు దగ్గరికి వెళ్లి సూపర్‌వైజర్‌నే అడగాలి. మొదట అడగాల్సింది జీతం కాదు, ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) ఉందా అని. జీతం 21,000 లోపు ఉంటే మీ వాటా 0.75 శాతమే. మీ మీద ఆధారపడిన నాన్నగారికీ వైద్యం అందులో వస్తుంది. పక్షవాతం మందులు, ఫిజియోథెరపీ ఏళ్ల తరబడి సాగుతాయి. అందుకే ఈఎస్ఐ లేని 17,000 కంటే ఈఎస్ఐ ఉన్న 14,000 మీ ఇంటికి మేలు. కాంట్రాక్టరు ద్వారా చేరినా ఈఎస్ఐ నంబరు చేతికొచ్చిందో లేదో మొదటి నెలలోనే చూసుకోండి. జీతంలో కోసి కట్టనివాళ్లూ ఉంటారు.

దాంతోపాటు మోటారు వైండింగ్, అంటే కాలిన మోటారులో రాగి తీగ మళ్లీ చుట్టే పని, నేర్చుకోండి. బ్యాంకులు నడిపే ఆర్‌సెటీ (స్వయం ఉపాధి శిక్షణ) కేంద్రాల్లో ఇది 30 రోజుల కోర్సు. ఉచితం, భోజనం, వసతి వాళ్లే ఇస్తారు. మీకు దగ్గర్లోని ఆర్‌సెటీలో తర్వాతి బ్యాచ్ ఎప్పుడో కనుక్కుని, ఉద్యోగంలో చేరకముందే పూర్తిచేయండి. ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే మోటారు యంత్రాలు) ఉన్న ప్రతి చెరువూ మీకు గిరాకీయే. త్రీఫేజ్‌లో ఒక ఫేజ్ పోతే మిగతా రెండింటి మీద కరెంటు పెరిగి వైండింగ్ కాలిపోతుంది. చాలామంది మెకానిక్‌లు వైండింగ్ చుట్టి ఇచ్చేసి, కాలిన కారణాన్ని వదిలేస్తారు. మీరు స్టార్టర్‌లో ఓవర్‌లోడ్ రిలే సెట్టింగు, ఒక ఫేజ్ పోగానే మోటారు ఆపేసే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్, ఆయిల్ సీలు గుండా ఉప్పునీరు దిగిన బేరింగులు చూడండి. వార్నిష్ పూర్తిగా ఆరాక మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టి, కనీసం ఒక మెగాఓమ్ రాకపోతే మోటారు బయటికి పంపకండి. పచ్చి వార్నిష్‌తో ఇస్తే వారంలో మళ్లీ మీ గుమ్మంలోనే ఉంటుంది.

ఆ 84,000లో పనిముట్లకు 40,000 మించొద్దు: వైండింగ్ మెషిన్, మెగ్గర్, టాంగ్ టెస్టర్ (తీగ కోయకుండానే కరెంటు కొలిచేది), బేరింగ్ పుల్లర్. సెకండ్‌హ్యాండ్‌వి దొరికితే ఇంకా మంచిది. 20,000 రాగి తీగ, బేరింగులకు. మిగిలిన 24,000 నుంచి రెండు పాత మోటార్లు కొని చుట్టి పెట్టుకోండి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ వేళకి మోటారు కాలిన రైతు మర్నాటి దాకా ఆగలేడు. రిపేరు అయ్యేదాకా మీ మోటారు అద్దెకు ఇస్తే ఆ రైతు ఇంకో మెకానిక్ దగ్గరికి వెళ్లడు.

ఈ పనిలో మునిగేది ఎక్కువగా అరువు వల్లే. 'పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మడం) అయ్యాక ఇస్తా' అంటారు. పట్టుబడి చెడితే ఆ డబ్బు రాదు. రాగి తీగ, బేరింగుల ఖరీదు ముందే నగదుగా తీసుకోండి, కూలి మాత్రమే ఆపండి. బయటి బాకీ మొత్తం 15,000 దాటితే కొత్త అరువు ఆపేయండి.

ఉద్యోగం ఎప్పుడు మానాలి? నెలకు 22 రోజుల పని అనుకుంటే, మీ 16,000 రావడానికి సామాను ఖర్చు పోను రోజుకు దాదాపు 730 మిగలాలి. చెరువులు ఎండగట్టే నెలల్లో కూడా అంత వస్తోందేమో ఒక ఏడాది పుస్తకంలో రాసి చూడండి. అంతవరకు ఈఎస్ఐ వదలొద్దు. వదిలే రోజు వస్తే, ముందే నాన్నగారి వైద్యానికి ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవలో ఏమేం వస్తాయో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి ఉంచుకోండి.