పది రోజుల్లో టీఎస్‌హెచ్ 9.6 నుంచి 0.2కి... మాత్ర ఆపేయాలా?

ప్రశ్న: మాది చంద్రగిరి. వయసు 38. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ హార్మోను తగ్గితే పెరిగే మరో హార్మోను) 14 ఉందని డాక్టరు థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోను) 50 మైక్రోగ్రాముల మాత్ర రాశారు. రెండు వారాలకు ఇక్కడి ల్యాబులో చూపిస్తే 9.6 వచ్చింది. జుట్టు బాగా ఊడుతోందని మెడికల్ షాపులో అడిగి బయోటిన్ (ఒక బి విటమిన్) 10 మిల్లీగ్రాముల మాత్రలు తెచ్చుకుని రోజూ వేసుకుంటున్నా. మరో పది రోజులకు తిరుపతిలో పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ 0.2, ఫ్రీ టీ4 (రక్తంలో విడిగా తిరిగే థైరాక్సిన్) ఎక్కువ అన్నారు. థైరాక్సిన్ ఆపేయాలా?
- ఒక పాఠకురాలు

జవాబు: మీ అంతట మీరు ఆపకండి. అనుమానించాల్సింది ముందు బయోటిన్‌నే. ఒంటికి రోజుకు 30, 40 మైక్రోగ్రాములు చాలు. మీరు వేసుకుంటున్నది అంతకు రెండొందల రెట్ల పైమాటే. చాలా యంత్రాలు రక్తంలోని టీఎస్‌హెచ్‌ను బయోటిన్ తగిలించిన యాంటీబాడీతోనే పట్టుకుంటాయి. మీ రక్తంలో తేలే బయోటిన్, పరీక్షలో ఆ యాంటీబాడీ అతుక్కునే చోటును ముందే ఆక్రమిస్తుంది. పట్టుకున్న టీఎస్‌హెచ్ పరీక్షలో కడిగే దశలో కొట్టుకుపోయి, లెక్క తక్కువ చూపిస్తుంది. ఫ్రీ టీ4 పరీక్ష తీరు వేరు, అందులో ఇదే బయోటిన్ లెక్కను పెంచి చూపిస్తుంది. రెండూ కలిపి చూస్తే థైరాయిడ్ ఎక్కువైన మనిషి రిపోర్టులాగే ఉంటుంది. అన్ని ల్యాబుల యంత్రాలూ ఈ పద్ధతివి కావు కాబట్టి బయోటిన్ సంగతి ల్యాబులో చెప్పండి. గుండె దడ, చేతులు వణకడం ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి.

ఇక రెండు వారాలకే చేయించిన పరీక్ష. అది తొందరపాటే. మెదడు కింద బఠాణీ గింజంత ఉండే పీయూష గ్రంథి, రక్తంలో థైరాయిడ్ హార్మోను తగ్గితే టీఎస్‌హెచ్ పెంచి గొంతు దగ్గరి గ్రంథిని తొందరపెడుతుంది, పెరిగితే వెనక్కి తగ్గుతుంది. అయితే థైరాక్సిన్ రక్తంలో సగమవడానికే దాదాపు వారం పడుతుంది. డోసు మార్చాక మట్టం కుదురుకుని, పీయూష గ్రంథి దానికి సర్దుకునే సరికి 6 నుంచి 8 వారాలు. ఈ లోపు వచ్చే అంకెను బట్టి డోసు మార్చితే ఊగిసలాటే మిగులుతుంది.

బయోటిన్ మానేయండి. మీది పెద్ద మోతాదు కనుక కనీసం మూడు రోజులు గడిచాకే రక్తం ఇవ్వండి. ఆ రోజు థైరాక్సిన్ రక్తం ఇచ్చాకే వేసుకోండి. టీఎస్‌హెచ్ రాత్రి ఎక్కువగా, మధ్యాహ్నం తక్కువగా ఉంటుంది కాబట్టి ప్రతిసారీ ఒకే ల్యాబులో, ఉదయం ఒకే వేళకు ఇవ్వండి. రోజూ మాత్ర పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, కాఫీకి గంట ఆగండి. అంతసేపు ఆగలేకపోతే అరగంటైనా. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి.

మీకు కాదుగానీ, చదివే మరికొందరికి ఒక మాట. కాన్పులో రక్తం బాగా పోయి, పాలు పడక, నెలసరి తిరిగి రాక, నీరసంగా ఉన్నవాళ్లు టీఎస్‌హెచ్ నార్మల్ అని ఊరుకోవద్దు. అలా రక్తం పోయి పీయూష గ్రంథే దెబ్బతింటే ఆ అంకెకు అర్థం ఉండదు. ఫ్రీ టీ4తో పాటు ఉదయం 8 గంటల వేళ కార్టిసాల్ (పీయూష గ్రంథి ఆదేశంతో అడ్రినల్ గ్రంథులు చేసే హార్మోను) చూడాలి. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో ఎండోక్రైనాలజీ (హార్మోన్ల జబ్బుల) విభాగం ఉంది. కార్టిసాల్ లోటును ముందు సరిచేయకుండా థైరాక్సిన్ మొదలుపెడితే ప్రాణం మీదికి రావచ్చు.