ర్యాప్ గడ్డలు విడిపోవడం లేదంటే ముందు తేమ చూడండి

30% ర్యాప్ (పాత రోడ్డు గీరి తెచ్చిన తారు కంకర) వేసిన రోడ్డు మిక్స్‌లో గడ్డలు విడిపోవడం లేదు, టెంపరేచర్ 180 డిగ్రీలకు పెంచవచ్చా అని అడిగారు. పెంచకండి. మేం అదే చేసి నష్టపోయాం.

పాత రోడ్డు గీరి తెచ్చిన మెటీరియల్‌లోని తారు ఏళ్ల తరబడి గాలి తగిలి ముదిరిపోయి ఉంటుంది. మెత్తదనం ఇచ్చే నూనెలాంటి భాగం తగ్గి, గట్టిదనం ఇచ్చే ఆస్ఫాల్టీన్లు పెరుగుతాయి. వేడి చాలకపోతే అది తన కంకరను వదలదు, కొత్త తారుతో కలవదు. అక్కడి వరకు మీరు అనుకున్నది సరైనదే. కానీ వేడి ఎక్కువైతే కొత్త తారు కూడా ముదిరిపోతుంది. ప్లాంట్‌లో తారు ఎంత ముదురుతుందో చూసే ఆర్‌టీఎఫ్‌ఓ పరీక్షను 163 డిగ్రీల దగ్గర చేస్తారు. 180 అంటే ఎంత ఎక్కువో ఆలోచించండి.

మేం పెంచినప్పుడు మిక్స్ కలిపే డ్రమ్ నుంచి నీలం పొగ వచ్చింది. గడ్డలు తగ్గాయి, రోలర్ కింద మిక్స్ బాగానే కుదిరింది. ఎండాకాలంలో చక్రాల గాడి ఒక్కటీ పడలేదు, చాలా సంతోషించాం. చలికాలం వచ్చేసరికి రోడ్డుకు అడ్డంగా పగుళ్లు! గట్టి తారు ఎండలో బలంగా ఉంటుంది. చలికి కుంచించుకునేటప్పుడు మాత్రం సాగి ఆ ఒత్తిడిని తగ్గించుకోలేక చిట్లిపోతుంది.

మా అసలు సమస్య తడి. ర్యాప్‌కు వేడి కొత్త కంకర నుంచే అందాలి. 25 డిగ్రీల పొడి ర్యాప్ 30% వేసి మిక్స్ 160కి రావాలంటే, కొత్త కంకర సుమారు 220 డిగ్రీలు ఉండాలి. ర్యాప్‌లో ఒక్కో శాతం తేమకు ఇంకో 12 డిగ్రీలు కావాలి. 5% తేమ ఉంటే 60 డిగ్రీలు నీళ్లను ఆవిరి చేయడానికే పోతాయి. లెక్క వేసి చూసుకున్నాక చాలా బాధేసింది.

తర్వాత ర్యాప్ కుప్పకు రేకుల కప్పు వేయించాం. మిక్సింగ్ సమయం కొంచెం పెంచాం, కొత్త తారు ఒక గ్రేడ్ మెత్తది వాడాం. ర్యాప్ 25% దాటితే ఏ గ్రేడ్ అన్నది కూడా ఊహతో తేల్చకూడదు. పాత తారును విడిగా తీసి పరీక్షించి, పాత, కొత్త తారు కలిస్తే ఎంత గట్టిగా ఉంటుందో చూపే బ్లెండింగ్ చార్ట్ చూసి గ్రేడ్ ఎంచుకోవాలి. రిజువనేటర్ (ముదిరిన తారును మెత్తబరిచే పదార్థం) వాడాలన్నా ఈ పరీక్షే ఆధారం. ర్యాప్‌కు మంట నేరుగా తగలనివ్వకండి, ఇది చాలా ముఖ్యం.

మీ ర్యాప్ తేమ ఎంతో ఉదయం ఒకసారి, వాన పడ్డాక ఒకసారి చూసి ఇక్కడ రాయండి. కంకర ఎంత వేడెక్కాలో కలిసి లెక్క వేద్దాం.