ట్రైల్ కెమెరా సరదా వృత్తిగా మారుతుందా?

ప్రశ్న: నేను బీఎస్సీ జువాలజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఎదుట జంతువు కదిలితే దానంతటదే ఫొటో తీసే ట్రైల్ కెమెరాతో ముళ్లపంది, పునుగుపిల్లి, ముంగిసల ఫొటోలు తీశాను. పాము మాత్రం ఒక్కటీ పడలేదు. ఈ పనినే వృత్తిగా చేసుకోవచ్చా?

జవాబు: తప్పకుండా చేసుకోవచ్చు. అయితే ఈ రంగంలో ఫొటో తీసేది కెమెరానే కాబట్టి, దాన్ని ఎక్కడ, ఏ ప్రశ్న కోసం పెట్టాలో నిర్ణయించి, వచ్చిన ఫొటోల నుంచి లెక్క తేల్చగలిగినవారికే ఉద్యోగం దొరుకుతుంది. 2018 నాటి భారతదేశ పులుల గణనలో 26,838 చోట్ల కెమెరాలు పెడితే దాదాపు 3.48 కోట్ల ఫొటోలు వచ్చాయి. వాటిలో పులులవి 76,651 మాత్రమే. అంటే వెయ్యి ఫొటోలు చూస్తే రెండింటిలోనో మూడింటిలోనో పులి కనిపిస్తుంది. ఆ ఓపిక మీకు ఉందా అన్నది ముందుగా ఆలోచించుకోండి.

మీ పాముల సందేహం చాలా మంచిది. ఈ కెమెరాల్లోని సెన్సర్ కదిలే జంతువు ఒంటి వేడికి, వెనుకనున్న నేల వేడికి మధ్య తేడాను పసిగట్టి పనిచేస్తుంది. పాము ఒంటి వేడి సాధారణంగా పరిసరాల వేడికి దగ్గరగానే ఉంటుంది కనుక సెన్సర్ దాన్ని తరచూ గుర్తించదు. ఎండకు కాగిన గడ్డిపోచ గాలికి ఊగితే మాత్రం వందల కొద్దీ ఖాళీ ఫొటోలు తీస్తుంది. ఫొటోలో పడనంత మాత్రాన ఆ ప్రాణి అక్కడ లేదని చెప్పలేమన్న ఈ జాగ్రత్తే పరిశోధకుడికి పునాది.

ఒక్కో పులిని దాని చారలను బట్టి విడిగా గుర్తుపడతారు. కుడివైపు చారలు, ఎడమవైపు చారలు ఒకేలా ఉండవు కాబట్టి దారికి రెండు వైపులా ఎదురెదురుగా కెమెరాలు పెడతారు. ముళ్లపందికి అలాంటి గుర్తులు ఉండవు కనుక దాని సంఖ్యను అంచనా వేయడానికి వేరే గణాంక పద్ధతులు కావాలి. అందుకే డిగ్రీ పూర్తయ్యేలోగా స్టాటిస్టిక్స్, లెక్కల విశ్లేషణకు వాడే ‘ఆర్’ ప్రోగ్రామింగ్, మ్యాపుల సమాచారాన్ని విశ్లేషించే జీఐఎస్ నేర్చుకుని, ఆ తర్వాత వైల్డ్‌లైఫ్ సైన్స్‌లో గానీ ఎకాలజీలో గానీ ఎమ్మెస్సీ చేయమని నా సలహా. ఖాళీ ఫొటోలను ఏరివేసే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు ఉన్నాయి, కానీ వాటి పొరపాట్లను పట్టుకోవడానికి జంతువులు తెలిసిన మనిషి కావాలి. తొలి ఉద్యోగాలు చాలావరకు ప్రాజెక్టు ఉన్నంత కాలమే ఉంటాయన్న సంగతి ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి.

స్థల యజమాని అనుమతి లేకుండా, అడవిలోనైతే అటవీ శాఖ అనుమతి లేకుండా, కెమెరా పెట్టకండి. వచ్చే నెల రోజులు కెమెరాను ఒకేచోట ఉంచి, దాని ఎత్తు, తేదీ, సమయంతోపాటు ఖాళీ ఫొటోలను కూడా పట్టికలో నమోదు చేయండి. ఆ పట్టికను మీ జువాలజీ అధ్యాపకులకు చూపించి, డిగ్రీ ప్రాజెక్టుగా తీసుకోవచ్చేమో అడగండి.