టెక్ సందేహాలు: గ్రూపులు మ్యూట్ చేస్తే సారు మెసేజ్ మిస్సవుతోంది!

ప్రశ్న: మండల కార్యాలయంలో పనిచేస్తాను. ఆఫీసు వాట్సాప్ గ్రూపులే 14 ఉన్నాయి. మ్యూట్ చేస్తే సారు పెట్టిన అర్జంటు మెసేజ్ మిస్సవుతోంది. మ్యూట్ తీసేస్తే గుడ్ మార్నింగ్ బొమ్మల మోతకి ఒక్క ఫైలూ కదలట్లేదు. దారేమిటి?
– ఓ పాఠకురాలు, భీమవరం

జవాబు: సెట్టింగ్స్ జోలికి వెళ్లేముందు అర్జంటు కబురు ఏ దారిలో రావాలో తేల్చుకోండి. అది ఖరారు కాకపోతే మ్యూట్ చేసినా మనసు అక్కడే ఉంటుంది, ఐదు నిమిషాలకోసారి తెరిచి చూస్తూనే ఉంటారు. అర్జంటుకి మామూలు ఫోన్ కాల్‌ని మించింది లేదు. ‘అత్యవసరమైతే కాల్ చేయండి సార్, గ్రూపులు 11కి, 2కి, 5కి చూస్తాను’ అని ముందే చెప్పేయండి. ‘అర్జంటైతే కాల్’ అన్న మాటని అడ్మిన్‌తో గ్రూపు డిస్క్రిప్షన్‌లో రాయించండి. మెసేజ్‌ని పిన్ చేయిస్తే లాభం లేదు, ఎంత ఎక్కువ పెట్టుకున్నా 30 రోజులకి పోతుంది.

ఇక ఫోన్ సంగతి. గ్రూపు తెరిచి, పైన పేరు నొక్కి, నోటిఫికేషన్స్‌లో మ్యూట్‌ని ‘ఆల్వేస్’ చేయండి. మ్యూట్‌లో ఉన్నా మీ పేరు ట్యాగ్ చేసినా, మీ మెసేజ్‌కి రిప్లై ఇచ్చినా మోగుతుంది. కాబట్టి పని మీదైతే ట్యాగ్ చేయమని సహోద్యోగులకి చెప్పండి. ఊరికే సందడి చేసే గ్రూపుల్ని ఆర్కైవ్‌లోకి నెట్టి, సెట్టింగ్స్–చాట్స్‌లో ‘కీప్ చాట్స్ ఆర్కైవ్డ్’ ఆన్ చేయండి. అది ఆఫ్‌లో ఉంటే కొత్త మెసేజ్ పడగానే గ్రూపు మళ్లీ పైకి తేలుతుంది.

తర్వాత ఫోన్ మోగకుండా ఆపే ‘డు నాట్ డిస్టర్బ్’. అందులో కాల్స్‌కి స్టార్ పెట్టిన కాంటాక్టుల్ని మాత్రమే అనుమతించి, సారు నంబరుకీ ఇంటివాళ్ల నంబర్లకీ స్టార్ పెట్టండి. ‘రిపీట్ కాలర్స్’ కూడా ఆన్ చేస్తే, ఒకే నంబరు నుంచి 15 నిమిషాల్లోపు రెండోసారి వచ్చిన కాల్ మోగుతుంది. ఐఫోన్‌లో ఈ గడువు 3 నిమిషాలే. మెనూ పేర్లు ఫోన్ కంపెనీని బట్టి కాస్త మారతాయి. చాలామంది ఇక్కడే పొరబడుతుంటారు: మినహాయింపు యాప్స్‌లో వాట్సాప్‌ని చేర్చేస్తారు. అప్పుడు మ్యూట్ చేయని ప్రతి చాటూ మోగుతూనే ఉంటుంది, డు నాట్ డిస్టర్బ్ పెట్టి ప్రయోజనం ఉండదు.

ప్రశ్న: ఆఫీసు చాట్ యాప్ టీమ్స్, మెయిల్ యాప్ అవుట్‌లుక్ మధ్య నలిగిపోతున్నాను. పని టైముకే అయిపోతోంది గానీ సాయంత్రానికి తల పగిలిపోతోంది. పైగా రాత్రిళ్లు అమెరికా టీమ్ మెసేజ్‌లు.
– గచ్చిబౌలి నుంచి ఓ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

జవాబు: మీరు చెప్పింది పరిశోధనలోనూ కనబడింది. కాలిఫోర్నియా యూనివర్సిటీ అర్వైన్‌లో గ్లోరియా మార్క్ బృందం 2008లో ప్రచురించిన ప్రయోగంలో, మధ్యలో అడ్డుపడినప్పుడు జనం పని ఇంకా త్వరగానే ముగించారు. కానీ ఒత్తిడి, విసుగు, హడావుడి పెరిగాయి. అంటే ‘డెడ్‌లైన్ తప్పలేదుగా’ అన్న కొలత ఇక్కడ పనికిరాదు.

ముందు మెయిల్ సంగతి చూడండి. క్లాసిక్ అవుట్‌లుక్‌లో (కంప్యూటర్‌లోని పాత రూపం) ఫైల్–ఆప్షన్స్–మెయిల్‌లోకి వెళ్లి, ‘మెసేజ్ అరైవల్’ కింద ఉన్న టిక్‌లన్నీ తీసేయండి. శబ్దం ఒక్కటే తీస్తే చాలదు, మూలన మెరిసే అలర్టే ఎక్కువ లాగుతుంది. మేనేజర్ మెయిల్ తప్పకూడదనుకుంటే, ఆయన మెయిల్ ఒకదానిమీద రైట్ క్లిక్ చేసి రూల్స్–క్రియేట్ రూల్‌లో ఆయన పేరు, ‘న్యూ ఐటమ్ అలర్ట్ విండో’ టిక్ చేయండి. అవుట్‌లుక్ తెరిచి ఉన్నప్పుడే ఈ రూల్ పనిచేస్తుంది.

టీమ్స్‌లో స్టేటస్‌ని డు నాట్ డిస్టర్బ్ చేసేటప్పుడు ‘డ్యూరేషన్’ కూడా పెట్టండి, లేకపోతే తీయడం మర్చిపోతారు. అప్పుడు కూడా మిమ్మల్ని చేరగలిగేవాళ్ల కోసం సెట్టింగ్స్–ప్రైవసీలో ప్రయారిటీ యాక్సెస్ జాబితా ఉంటుంది, ఇద్దరు ముగ్గుర్ని మించి చేర్చొద్దు. రాత్రిళ్ల కోసం ఫోన్ యాప్‌లో నోటిఫికేషన్స్–‘క్వైట్ టైమ్’లో గంటలు, సెలవు రోజులు ఎంచుకోండి. ‘అర్జెంట్’ గుర్తుతో పంపిన మెసేజ్ మాత్రం చదివేదాకా 2 నిమిషాలకోసారి, 20 నిమిషాలపాటు మోగుతుంది. దాన్ని లంచ్ ఎక్కడన్న ప్రశ్నకి వాడేవాళ్లుంటే మొహమాటపడకుండా చెప్పాల్సిందే.

మీరూ అమెరికా టీమ్ నిద్ర చెడగొట్టకుండా సెండ్ బటన్‌మీద రైట్ క్లిక్ చేసి మెసేజ్‌ని వాళ్ల పగటి వేళకి షెడ్యూల్ చేయండి, ఫోన్‌లోనైతే నొక్కి పట్టుకోండి. న్యూయార్క్‌లో ఉదయం 9 అంటే వేసవిలో మనకి సాయంత్రం 6:30, చలికాలంలో 7:30.

ప్రశ్న: టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లు ‘హాయ్ అన్నా’ అని పెట్టి ఆగిపోతారు. నేను ‘చెప్పు’ అనేదాకా మాట ఉండదు.
– ఓ టీమ్ లీడ్, విశాఖపట్నం

జవాబు: అది వాళ్ల మర్యాద, తిట్టకండి. నమూనా ఒకటి ఇవ్వండి: ‘హాయ్ అన్నా. పేమెంట్ పేజీలో పిన్‌కోడ్ కొడితే ఎర్రర్ వస్తోంది. స్క్రీన్‌షాట్ పెట్టాను. రేపు 3లోపు చూస్తే చాలు.’ పలకరింపు ఉంది, పని ఉంది, గడువూ ఉంది. ఆ చివరి వాక్యం వల్లే మీరు చేతిలో పని వదలక్కర్లేదు.

మెసేజ్‌లు ముక్కలు ముక్కలుగా రావడానికి ఎంటర్ కీ కూడా కారణమే, నొక్కగానే మెసేజ్ వెళ్లిపోతుంది. టీమ్స్‌లో కొత్త వరసకి షిఫ్ట్–ఎంటర్ వాడాలి. ఇలాంటిదే మరో ఆఫీసు చాట్ యాప్ స్లాక్‌లో ప్రిఫరెన్సెస్–అడ్వాన్స్‌డ్‌లో ఎంటర్‌ని కొత్త వరసకి మార్చుకుంటే, పంపడానికి కంట్రోల్–ఎంటర్ నొక్కాలి. ఆండ్రాయిడ్ వాట్సాప్‌లో సెట్టింగ్స్–చాట్స్‌కి వెళ్లి ‘ఎంటర్ ఈజ్ సెండ్’ ఆఫ్‌లో ఉంచమనండి.